నల్ల ప్లాస్టిక్ ముక్క

ఆరేళ్ళు నా లాప్‌టాప్ పక్కటెముకలో
ఒక నల్ల ప్లాస్టిక్ ముక్క ఉండేది.
కుర్చీ కాళ్ళకి రబ్బరు తొడుగుల్లాంటిదేదో అనుకుని
దుమ్ము దులిపినప్పుడల్లా దాన్నీ తుడిచేవాణ్ణి.

ఆమదాలవలస రైలు గేటు దగ్గర నా స్టూడియో.
కింద ఎరువుల కొట్టు, మేడ మీద నేనూ దండాసీ.
మాఘమాసమంటే మాకు
మూడు రాత్రులు, మూడు పెళ్ళిళ్ళు, మూడువందల జీబీ.
అదంతా బయటి డిస్కులోకి ఎక్కించడమంటే
ఉద్ధరిణెతో గోలెం నింపడమే.
నీలం గీత కాస్త పాకుతుంది, ఆగుతుంది,
ఇంకా రెండు గంటలంటుంది,
టీ తాగొచ్చేసరికి మూడంటుంది.
పలాస పాసింజరు కూడా అన్ని అబద్ధాలాడదు.

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ వెనక సందులో
పేడాడ కూర్మారావు
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
గోటితో ఆ ముక్కని నొక్కాడు.
టక్.
నాలుక చాపినట్టు బయటికొచ్చింది.
"ఇది ఉత్తి మూత బావూ. లోపల తలుపున్నాది.
కొన్నకాడి నుంచీ తియ్యనేదేటి?"

నాకు సిగ్గేసింది.
నా ఇంట్లోనే ఇంకో గది ఉందని
అద్దెకొచ్చినవాడు చూపించినట్టు.

వెండిరంగు కార్డొకటి అందులో దోపాడు.
బొటనవేలంత మేర బయటికి పొడుచుకునే ఉంది,
జేబుకి తగులుకుంటుందేమో అని నేను,
"తగులుకోకుండా నడువు" అని అతను.
దాని పేరు ఈ-సాటా అట.
"పాత వైరు డిస్కుతోటి దుబాసీని పెట్టుకుని మాటాడతాది.
ఇదైతే తిన్నగా మాటాడతాది.
ఒకటే సెప్తన్నాను, వేగం ఇస్తాది గానీ కరెంటివ్వదు.
డిస్కుకి కూడు నువ్వే ఏరేగా ఎట్టాల."
పద్దెనిమిది వందలన్నాడు. పదహారువందల యాభైకి తెగింది.
నల్ల ముక్కని పొట్లం కట్టి చేతిలో పెట్టాడు,
పన్ను పీకిన డాక్టరులా.

ఆ రాత్రి కేబుల్ గుచ్చి మీట నొక్కగానే
దండాసి ఎప్పట్లాగే చాప పరిచేశాడు,
మూడు గంటల నిద్ర తనదేనన్న లెక్కతో.
గీత పాకలేదు, నడిచింది.
గేటు రెండుసార్లు పడి లేచేలోపల అయిపోయింది.
"లేవరా" అంటే
"తెల్లారిపోయిందేటి?" అన్నాడు.
తెల్లారలేదు.
యాభై నిమిషాలే అయింది.
ఇద్దరం గోడగడియారం వంక చూశాం,
ఎవరో చిల్లర ఎక్కువిచ్చి వెళ్ళిపోయినట్టు.

ఏం చెయ్యాలో తోచక
నరసన్నపేట పెళ్ళి పెట్టుకుని కూర్చున్నాను.
కత్తిరించడానికి కాదు. ఊరికే.
సన్నాయి ఆయన పీక తుడుచుకుని
పసిపిల్లాడి పన్నులా గుడ్డలో దాచుకుంటున్నాడు.
పెళ్ళికూతురు ఎవరికీ కనబడకుండా చెప్పులు వెతుక్కుంటోంది.
ఆ వెనక, గది అద్దంలో,
లైటు తలపైకెత్తి పట్టుకుని ఒక కుర్రాడు,
ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ,
కాజాల పళ్ళెం అటు వెళితే అటు, ఇటు వెళితే ఇటు.

"నానే కదన్నా అది" అన్నాడు దండాసి.
"సెయ్యి పీకేసి అలగున్నాను. తీసెయ్."

ఆరేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ ఉన్నాడు.
వాణ్ణి ప్రతి పెళ్ళిలోంచీ తీసేసింది నేనే.
ఈసారి మౌస్ మీంచి చెయ్యి తీశాను.
ఇంకోసారి చూద్దామని వెనక్కి తిప్పుతుండగా
కరెంటు పోయింది.

లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది, బ్యాటరీ పుణ్యమా అని.
డిస్కు మాత్రం గిర్రున తిరిగే చప్పుడు తగ్గించుకుంటూ
తగ్గించుకుంటూ ఆగిపోయింది.
అద్దంలో కుర్రాడు సగం కాలెత్తి నిలబడిపోయాడు.
కూడు వేరే పెట్టమన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

బల్ల కింద ఇన్వర్టర్ ప్లగ్గు కోసం తడుముతున్నాను.
వెనక దండాసి ఫోను లైటు వేశాడు.
అలవాటుగా తలపైకెత్తి పట్టుకున్నాడు,
నా చేతుల మీద పడేట్టు,
తన మొహం మీద పడకుండా.